పన్నెండో జాగ్రత్త

ఉమామహేశ్వరి డొమినికన్ రిపబ్లిక్‌ని ఎప్పుడూ చూడలేదు. కానీ అక్కడ ఏ నెలల్లో సముద్రపు నాచు ఒడ్డుకు కొట్టుకొస్తుందో, మధ్యాహ్నం ఏ వేళకి ఎండ వీపు కాల్చేస్తుందో, భోజనం దగ్గర మాంసం వద్దని ఎలా చెప్పాలో ఎవరడిగినా తడుముకోకుండా చెప్పగలదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద చీరల కొట్టు పైనున్న చిన్న ట్రావెల్స్ ఆఫీసులో ఐదేళ్లుగా ఆమె పని అదే: మనవాళ్లని విమానం ఎక్కించడం, ఎక్కేముందు వాళ్ల భయాలు తీర్చడం.

సోమవారం పొద్దున ఆఫీసు యజమాని కొండల్ రావు ఒక పాత కాగితం తెచ్చి ఆమె కీబోర్డు మీద పెట్టాడు. పైన పెద్ద అక్షరాలతో 'ప్రయాణికులకు జాగ్రత్తలు' అని ఉంది.

"ప్రెసిడెంట్స్ డే సెలవుల గ్రూప్ ఇరవై ఎనిమిది మంది అయిండ్రు ఉమమ్మా. వచ్చే శనివారమే ఫ్లైట్. ఈ పేపర్ చానా పాతదైంది. కొత్త రూల్స్ చూసి మంచిగ టైప్ చెయ్యి. ఈ శనివారం మీటింగ్‌ల అందరికీ ఇద్దాం."

ఎప్పుడో రాసిన కాగితం. మధ్యమధ్య ఒక్కో జాగ్రత్త అతికించుకుంటూ వచ్చారు. మొదటి దాని దగ్గరే ఆమె చెయ్యి ఆగింది. విమానంలో ఇచ్చే ఫారం నింపమని ఉంది. ఇప్పుడా ఫారం లేదు. ముందే ఆన్‌లైన్‌లో ఈ-టికెట్ నింపి, క్యూఆర్ కోడ్ ఫోన్‌లో దాచుకోవాలి. దానికి ఎవరికీ ఏమీ కట్టనవసరం లేదని, కట్టమన్న వెబ్‌సైట్‌ని నమ్మవద్దని కింద గీత గీసి మరీ కొట్టింది. కుళాయి నీళ్లు తాగకండి, పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే వాడండి. మన అమెరికా ప్లగ్గులే అక్కడా పనిచేస్తాయి, అడాప్టర్లు కొనకండి. గడియారం ఒక గంట ముందుకు జరపండి. టాక్సీ ఎక్కేముందే ఎంతో మాట్లాడుకోండి. తిరిగొచ్చేటప్పుడు మామిడిపళ్లు బ్యాగులో పెట్టుకోకండి, ఎయిర్‌పోర్టులో ఆపుతారు. టైప్ చేస్తున్నంతసేపూ ఎదురుగా ఎవరో పెద్దావిడ కూర్చుని వింటున్నట్టే ఊహించుకుంటుంది ఆమె. అందుకే ఆమె రాసింది అందరికీ అర్థమవుతుందని పేరు.

సాయంత్రం ఐదున్నరకి మిలాగ్రోస్ వచ్చింది. ఆ మేడలో ఉన్న నాలుగు ఆఫీసులూ ఊడ్చి, చెత్తబుట్టలు ఖాళీ చేసేది ఆమే. ఊరు ఈ గ్రూపు వెళ్లే పుంటా కానా పక్కనే. ఆమెకూ ఉమకూ ఉమ్మడిగా ఉన్నది ఇంగ్లీషొక్కటే. ఇద్దరికీ అది తర్వాత నేర్చుకున్న భాషే కాబట్టి ఒకరి తప్పులు ఒకరికి వినిపించవు.

"భోజనం సంగతి సరిగ్గా రాశానా చూడు. సిన్ కార్నే అంటే మాంసం లేకుండా అని కదా?"

మిలాగ్రోస్ వాక్యూమ్ ఆపి స్క్రీన్ వైపు వంగింది. "అది చాలదు. కోడిని మాంసం కింద లెక్కేయరు మావాళ్లు. సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ హమోన్ అని కోడి, చేప, పంది అన్నీ విడివిడిగా చెప్పాలి. చిక్కుడు గింజల కూరలో కూడా పంది ఉండొచ్చు, అడగమను. ఏమీ దొరక్కపోతే పచ్చి అరటికాయ వేపుడు అడగమను. మీవాళ్లకి నచ్చుతుంది."

ఉమ నవ్వుతూ అదంతా ఎక్కించింది. మిగతావి కూడా వినిపించమంది మిలాగ్రోస్. తన దేశం గురించి ఈ అర్థంకాని గుండ్రటి అక్షరాల్లో ఏం రాస్తున్నారో వినడం ఆమెకు సరదా. ఉమ ఒక్కొక్కటే ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయి, పదకొండోది కాగానే "అంతే" అంది.

"అక్కడ పన్నెండు అని ఉంది," అంది మిలాగ్రోస్.

అంకెలు మాత్రం అన్ని భాషల్లోనూ ఒకటే. ఏదో ఒకటి కల్పించి చెప్పేయవచ్చు. ఐదేళ్లుగా రోజూ పలకరించుకునే మనిషి ముందు ఉమకు నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది: గదులు శుభ్రం చేసేవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి. మూడేళ్ల కిందట మన గ్రూపులో ఒకరి బంగారు గొలుసు పోయింది.

మిలాగ్రోస్ వాక్యూమ్ తీగను మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టుకుంటూ నిలబడింది. అంతా చుట్టడం అయ్యాక అంది. "మా చెల్లెలు అక్కడ హోటల్లో రోజుకు పదహారు గదులు శుభ్రం చేస్తుంది. తలుపు దగ్గర కార్డు గీస్తే ఎన్నింటికి వెళ్లిందో, ఎన్నింటికి బయటికొచ్చిందో మెషీన్‌లో పడుతుంది. ఏం పోయినా తన పేరే ముందు వస్తుందని దానికి తెలుసు." చెత్తబుట్టలోని సంచి తీసి ముడేసింది. "నేను ఈ గది ఊడుస్తాను. నీ పర్సు ఎప్పుడూ ఆ సొరుగులోనే ఉంటుంది."

ఆ రోజు ఆమె వెళ్లేటప్పుడు గుడ్ నైట్ చెప్పింది గానీ, ఎప్పట్లా ఉమ భుజం మీద చెయ్యి వేయలేదు.

మర్నాడు కొండల్ రావు మైక్రోవేవ్‌లో టీ పెట్టుకుంటుంటే ఉమ వెళ్లి నిలబడింది.

"సార్, పన్నెండోది తీసేద్దామనుకుంటున్నాను."

"ఎందుకు?"

"ఆ గొలుసు దొరికింది కదా సార్. వాళ్ల సామాన్లోనే."

"దొరికిందని గ్రూపోళ్లకు తెల్వదు గదా. అది చదివినంకనే అందరు వస్తువులు లాకర్ల పెట్టుకుంటున్నరు. మన మంచికే ఉన్నది, ఉండనియ్యి."

"గది శుభ్రం చేసిన ఆ అమ్మాయి ఉద్యోగం పోయింది సార్. మనం పంపిన కంప్లైంట్ మీదే తీసేశామని హోటల్‌వాళ్లు మెయిల్ పెట్టారు. దొరికిందని మాత్రం మనం వాళ్లకి చెప్పలేదు."

కొండల్ రావు టీ కలుపుతూనే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఉమ కొడుక్కి న్యుమోనియా వచ్చినప్పుడు వారం రోజులు ఆమె సీట్లో తనే కూర్చుని ఫోన్లు తీసుకున్నాడు. తప్పు ఒప్పుకోవాల్సి వచ్చిన చోట మాత్రం ఆయనకి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

"అప్పుడే చెప్తే ఆ హోటలోళ్లు మనల్ని మల్ల గడప తొక్కనిచ్చెటోళ్లా? ఐపోయిన ముచ్చట అది. నువ్వు గ్రూప్ లిస్ట్ ఒకసారి చూడు, పాస్‌పోర్ట్ డేట్లు సరిగ్గున్నయా లేవా."

ఆమె లిస్టు తెరిచింది. పందొమ్మిదో పేరు దగ్గర కర్సర్ ఆగిపోయింది. రాజేశ్వరమ్మ, డెబ్బై ఏళ్లు. కూతురు నిధి, అల్లుడు జగదీష్. ఆ గొలుసు ఆవిడదే. హోటల్లో పోయిందని గొడవ చేసి, ఇంటికొచ్చిన మర్నాడు 'దొరికిందండీ' అని ఫోన్ చేసి ఊరుకున్న కుటుంబం. అవతల ఒక పిల్ల బతుకు ఏమైందో మాట మాత్రం అడగలేదు. ఇప్పుడు మళ్లీ అదే సముద్రానికి బయల్దేరుతున్నారు. మూడేళ్లుగా ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా ఉమకు నోరు చేదయ్యేది.

ఆ గ్రూపులో ఆవిడ ఉందన్న సంగతి కొండల్ రావు గమనించలేదు. ఉమ చెప్పలేదు. పన్నెండో జాగ్రత్తను ముట్టుకోకుండా వదిలేసి ముప్పై కాపీలు తీసింది. శనివారం నాడు ఆ కుటుంబం మొహాలు ఎలా ఉంటాయో చూద్దామనుకుంది.

శనివారం మంచు కరిగి రోడ్డంతా బురదగా ఉంది. వచ్చినవాళ్ల బూట్ల నుంచి, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు రాలి కార్పెట్ మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. ఆఫీసులో వేసిన మడత కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్టు మీద కూర్చున్నారు. రాజేశ్వరమ్మ ముందు వరసలో, ఊలు టోపీ చెవుల కిందికి లాక్కుని, చేతిలో చిన్న నోటుబుక్కుతో కూర్చుంది. తెనాలి ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఉమ చెప్పే ప్రతిదీ తలూపుతూ రాసుకుంది. దోమల మందు ముందు రాసుకోవాలా, ఎండ క్రీమ్ ముందు రాసుకోవాలా అని అడిగింది. క్రీమే ముందు అని చెబితే దాని కింద రెండు గీతలు గీసుకుంది. ఆవిడ వినే శ్రద్ధ చూసి ఉమకు ఇష్టం కలగబోయింది. వెంటనే దాన్ని అణిచేసుకుంది.

పదకొండోది అవగానే కొండల్ రావు ముందుకొచ్చాడు.

"పన్నెండోది నేను చెప్త. అందరు జర మంచిగ వినుండ్రి. మూడేళ్ల కింద మన గ్రూపుల ఒకామె గొలుసు పోయింది. రూమ్ క్లీన్ చేసే పిల్లనే తీసింది. మనం కంప్లైంట్ ఇస్తే ఆ పిల్లను నౌకరీలకెల్లి తీసేసిండ్రు. అందుకని ఎవల జాగ్రత్తల వాళ్లుండాలె."

జనం గుసగుసలాడారు. రాజేశ్వరమ్మ పెన్ను ఆగింది.

"ఏ హోటలండీ అది?"

కొండల్ రావు పేరు చెప్పాడు. ఆవిడ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని లేచి నిలబడింది. స్వెటర్ మెడలో నుంచి వేలితో ఒక సన్నటి గొలుసు పైకి లాగింది.

"ఆ గొలుసు నాదేనండీ. ఇదిగో, నా మెళ్లోనే ఉంది. ఎవరూ తీయలేదు. నేనే ఒకచోట పెట్టి మర్చిపోయాను."

కొండల్ రావు ఆవిడని అప్పుడే గుర్తుపట్టాడు. చేతిలో కాగితాన్ని రెండు మడతలు, నాలుగు మడతలు వేశాడు.

రాజేశ్వరమ్మ వెనక్కి తిరిగింది. "జగదీష్, ఆ పిల్లని తీసేశారని నీకు తెలుసా?"

"లేదత్తయ్యా. గొలుసు దొరికిన రోజే ఫోన్ చేసి చెప్పేశాను కదా, కంప్లైంట్ వాపసు తీసుకోండని. ఈ మేడమ్‌కే చెప్పాను."

గదిలోని కళ్లన్నీ ఉమ మీదికి తిరిగాయి. వీళ్లు ఇబ్బంది పడుతుంటే చూద్దామనుకున్న మనిషికి తన చెవులే వేడెక్కాయి.

"అవునండీ. నాకే చెప్పారు," అంది.

"అప్పటికి ఆ పిల్ల ఉద్యోగం పోయిందని నీకు తెలుసామ్మా?"

"తెలుసు ఆంటీ. ఆ ముందు రోజే మెయిల్ వచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది. కొండల్ రావు వదిలేయమన్నాడని చెప్పవచ్చు, అది నిజమే. కానీ ఆ ఫోన్ వచ్చినప్పుడు ఇంకొక్క మాట చెప్పడానికి ఆమెను ఎవరూ ఆపలేదు. వీళ్లకు తెలిసే ఊరుకున్నారని తనకు తనే అనుకుంది. అలా అనుకుంటే తను చేయాల్సింది ఏమీ మిగలదు.

"మీకు తెలుసనుకున్నాను ఆంటీ. అడగలేదు. తప్పు నాదే."

రాజేశ్వరమ్మ మెల్లగా కూర్చుంది. "మా ఆసుపత్రిలో ఏ వస్తువు కనపడకపోయినా ముందు ఆయాని పట్టుకునేవాళ్లు. గాజుగుడ్డ కట్ట పోయినా ఆయానే. నేను వాళ్ల తరఫున సూపరింటెండెంట్‌తో పోట్లాడేదాన్ని. అలాంటిది నా మూలంగానే..." నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది. "ఆ పిల్ల పేరేంటమ్మా?"

ఉమ మెయిల్ వెతకనక్కర్లేకపోయింది. "యుదెల్కా."

ఆవిడ రెండుసార్లు పలికి చూసుకుని తెలుగులో రాసుకుంది. ఆ మీటింగ్ అక్కడితో అయిపోయినట్టే. అందరికీ తెప్పించిన సమోసాలు సగానికి సగం మిగిలిపోయాయి.

సోమవారం ఉమ వచ్చేసరికి కొండల్ రావు ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫైలు తెరిచి పన్నెండో జాగ్రత్త తనే తీసేశాడు. పదకొండింటితో మళ్లీ ప్రింట్లు తీసి, కవర్లలో పెట్టి, అందరికీ పోస్టులో వేయమని ఆమెకు ఇచ్చాడు. ఆ విషయం ఇద్దరూ మాట్లాడుకోలేదు.

సాయంత్రం మిలాగ్రోస్ రాగానే ఉమ వాక్యూమ్ ప్లగ్గు పెట్టనివ్వకుండా కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. మెయిల్ వచ్చిన రోజు, ఫోన్ వచ్చిన రోజు, తను ఊరుకున్న మూడేళ్లు. మధ్యలో ఎక్కడా తనకు అనుకూలంగా మార్చుకోలేదు. మిలాగ్రోస్ అంతా విని ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఫోన్ తీసి, "ఆ అమ్మాయి పేరు ఎలా రాస్తారో కొట్టు" అని ఆమె చేతికిచ్చింది.

అక్కడి హోటళ్లలో గదులు శుభ్రం చేసేవాళ్లంతా ఒకే కంపెనీ బస్సుల్లో వస్తూ పోతూ ఉంటారు. మిలాగ్రోస్ చెల్లెలు ఇద్దరిని అడిగితే వాళ్లు ఇంకో ఇద్దరిని అడిగారు. బుధవారానికల్లా నంబరు దొరికింది. యుదెల్కా ఇప్పుడు పుంటా కానాకి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఇగ్వే అనే ఊళ్లో, మేనత్త నడిపే భోజనశాలలో వంట చేస్తోంది.

గురువారం సాయంత్రం రాజేశ్వరమ్మను నిధి కార్లో దింపి వెళ్లింది. ఉమ తన బల్ల మీద ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఒకవైపు రాజేశ్వరమ్మ, మరోవైపు చేతి తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకున్న మిలాగ్రోస్. కొండల్ రావు ఇంటికి వెళ్లలేదు. మూలనున్న తన కంప్యూటర్ ముందు ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాడు.

ముందు గిన్నెల చప్పుడు వినిపించింది, తర్వాత ఒక ఆడగొంతు. రాజేశ్వరమ్మ చెప్పేది ఉమ ఇంగ్లీషులోకి, ఉమ చెప్పేది మిలాగ్రోస్ స్పానిష్‌లోకి మార్చారు. గొలుసు నా దగ్గరే ఉంది. నువ్వు తీయలేదు. నీ ఉద్యోగం పోయిందని నాకు మొన్న శనివారం దాకా తెలియదు. తెలియకపోవడం కూడా నా తప్పే. నన్ను క్షమించు తల్లీ. 'తల్లీ' అన్న మాటను ఎలా మార్చాలో తెలియక ఉమ ఆగితే, గొంతును బట్టి మిలాగ్రోస్ తనే 'మి ఇహా', నా బిడ్డా అని చెప్పేసింది.

అటువైపు నుంచి మాటలు వరసగా వచ్చాయి. మిలాగ్రోస్ కళ్లు కిందికి దించుకుని విని, నెమ్మదిగా చెప్పింది.

"తను ఏడిచే రోజులు అయిపోయాయంటోంది. ఆ తర్వాత ఏ హోటల్‌కి వెళ్లినా పాత హోటల్‌కి ఫోన్ చేసి అడుగుతారట. అడిగాక మళ్లీ పిలవరట. మీరు క్షమించమన్నది బాగుంది, కానీ అది ఎవరికీ చూపించలేను కదా అంటోంది. తనకి కాగితం కావాలట. సంతకంతో."

ఉమ రాజేశ్వరమ్మకు తెలుగులో చెప్పేలోపే మూల నుంచి కొండల్ రావు గొంతు వచ్చింది. "ఆ పిల్ల పూర్తి పేరు అడుగు ఉమమ్మా. స్పెల్లింగ్ తోని."

ఆయన కీబోర్డు మీద రెండే వేళ్లతో కొడతాడు. ఉత్తరాలన్నీ ఉమ చేతే రాయిస్తాడు. ఆ సాయంత్రం మాత్రం ఆమె లేవబోతే వద్దని చెయ్యి ఊపాడు. మా ఆఫీసు చేసిన ఫిర్యాదు తప్పు, వస్తువు ప్రయాణికురాలి దగ్గరే ఉంది, ఆ సంగతి తెలిసి కూడా మేము మూడేళ్లు మీకు తెలపలేదు. ఒక్కో మాట ఇంగ్లీషులో పైకి చదువుకుంటూ కొట్టాడు. 'తెలిసి కూడా' అన్న చోట ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ కొట్టాడు. మిలాగ్రోస్ అదంతా స్పానిష్‌లో ఫోన్లో వినిపించింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడిందని యుదెల్కా దిద్దింది. ఉత్తరం మెయిల్లో హోటల్‌కి వెళ్లింది. సంతకం చేసిన కాగితం ఆదివారం నాడు రాజేశ్వరమ్మే స్వయంగా ఇగ్వే తీసుకువెళ్లి ఇస్తానంది. జగదీష్ తోడు వస్తాడు. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఉదయం పది లోపే రావాలని, తర్వాత చర్చికి వచ్చే జనంతో భోజనశాల నిండిపోతుందని యుదెల్కా చెబుతుంటే ఆవిడ ఒక్కటీ వదలకుండా రాసుకుంది. మాంసం తినదని తెలిసి, అయితే ఆ రోజు చిక్కుడు గింజల కూర విడిగా వండుతానంది ఆ అమ్మాయి.

ప్రింటర్ కాగితాన్ని బయటికి తోస్తుండగా యుదెల్కా ఇంకో ప్రశ్న అడిగింది. మిలాగ్రోస్ ఉమ వైపు తిరిగింది.

"ఎక్కడ దొరికిందని అడుగుతోంది. రెండు రోజులు ఆ గదంతా తను కూడా వెతికిందట. మంచం జరిపి చూసిందట. వాక్యూమ్ సంచి కోసి ఆ దుమ్మంతా పేపర్ మీద పోసి వేళ్లతో చూసిందట. ఎక్కడుందో తెలుసుకోవాలని ఉందట."

రాజేశ్వరమ్మ మొహం ఎర్రబడింది. "చెబితే నవ్వుతారు. జాగ్రత్త, జాగ్రత్త అని అందరూ భయపెట్టడంతో రోజుకో చోట దాచేదాన్ని. ఓ రోజు బూటులో, ఓ రోజు మందుల డబ్బాలో. ఆఖరికి, నేను ఇంటి నుంచి తీసుకెళ్లిన దిండు గలీబు మూలలో ముడేసి, పిన్నీసు పెట్టాను. ఇక్కడికొచ్చాక నిధి ఉతకబోతే బయటపడింది. అప్పటిదాకా నాకు గుర్తే లేదు."

ఆ మాటలు రెండు భాషలు దాటి వెళ్లాయి. అటువైపు గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. తర్వాత యుదెల్కా చిన్నగా ఏదో అడిగింది.

"పసుపు పూలు కుట్టిన గలీబేనా అంటోంది."

"అదే," అంది రాజేశ్వరమ్మ. "మా అమ్మ కుట్టింది."

ఈసారి యుదెల్కా చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. మిలాగ్రోస్ అరచేత్తో కళ్లు తుడుచుకుని, ఉమ వైపు కాకుండా నేరుగా రాజేశ్వరమ్మ వైపు తిరిగి, ఆవిడకు అర్థమయ్యేంత తేలిక ఇంగ్లీషులో చెప్పింది.

"ఆ గలీబు హోటల్‌ది కాదు, ఎవరో చేత్తో కుట్టిందని చూడగానే తెలిసిందట. ఉతకడానికి వేయకూడదు, దులపకూడదు అనుకుందట. అందుకని రోజూ దుప్పట్లు మార్చేముందు ఆ దిండుని జాగ్రత్తగా ఎత్తి కుర్చీలో పెట్టేదట. అంతా అయ్యాక మళ్లీ తెచ్చి మంచం మీద పూలు పైకి వచ్చేలా పెట్టేదట. వెతికేటప్పుడు కూడా దాని జోలికి వెళ్లలేదట. రోజూ ఆ గొలుసు తన చేతుల్లోనే ఉందంటోంది."